బొగ్గు మంటలో పుట్టిన బొమ్మల జగ్గులు

గోదావరిఖని: పింగాణీ అనగానే మన బొగ్గుబాయిల ప్రాంతంలో గుర్తుకు వచ్చేవి రెండే. ఒకటి మామిడికాయ తొక్కు పెట్టుకునే జాడీ, రెండవది హోటల్లో చాయ్ పోసి ఇచ్చే కప్పు సాసరు. నీళ్ళకు రంజనో, కూజానో, స్టీలు బిందెనో వాడుకుంటాము. పాలకు గిన్నె ఉంది. కాబట్టి నీలిరంగు బొమ్మలు అచ్చు వేసిన పాత ఇంగ్లీషు జగ్గు ఏదైనా మన కంటబడితే, పిడి విరిగినదైతే మనీప్లాంటు పెట్టుకోవడానికి పనికివస్తుంది, బాగున్నదైతే అటక ఎక్కుతుంది. అంతకు మించిన మర్యాద దానికి దక్కదు.

కానీ ఇవే జగ్గుల కోసం జీవితమంతా వెచ్చించేవారు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వేలమంది ఉన్నారు. అచ్చు బొమ్మల నీలి పాత్రలను అభిమానించేవారు బ్రిటన్‌లో 1973లోనే 'ఫ్రెండ్స్ ఆఫ్ బ్లూ' అనే సంఘం పెట్టుకున్నారు. అమెరికాలో 1999లో 'ట్రాన్స్‌ఫర్‌వేర్ కలెక్టర్స్ క్లబ్' ఏర్పడింది. అంతకు చాలా ముందే, 1892లో, ఆలిస్ మోర్స్ ఎర్ల్ అనే రచయిత్రి అమెరికాలో పాత పింగాణీ సేకరణ మీద ఏకంగా ఒక పుస్తకమే వేసింది. పల్లెటూరి రైతుల వంటిళ్ళలో, కోళ్ళకు నీళ్ళు పోసే చోట కూడా వెతికిన తరం అది.

తపాలా బిళ్ళలు పోగుచేసేవారున్నారు, అగ్గిపెట్టె లేబుళ్ళు పోగుచేసేవారున్నారు, అలాగే వీరూ అని ఊరుకోవచ్చు. కానీ సింగరేణి పాఠకులు ఈ జగ్గుల సంగతి కొంచెం నిలబడి వినాలి. ఎందుకంటే ఇవి రాజుల కార్ఖానాలలో తయారైనవి కావు. బొగ్గుగనుల ఊళ్ళలో, బొగ్గు మంటల మీద, గని కార్మికుల ఇరుగుపొరుగు ఇళ్ళవారి చేతులతో తయారైనవి.

మట్టే బొగ్గు దగ్గరికి వచ్చింది

ఇంగ్లండు నడిబొడ్డున స్టాఫర్డ్‌షైర్ జిల్లాలో స్టోక్-ఆన్-ట్రెంట్ అనే పట్టణం ఉంది. నిజానికి అది ఒక ఊరు కాదు. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్ళను 1910లో కలిపి ఒకటి చేశారు. మన దగ్గర గోదావరిఖని, రామగుండం, చుట్టుపక్కల కాలనీలు కలిసి ఒకే కార్పొరేషన్ అయినట్టే. స్టోక్‌వాసులకు కూడా మనలాగే ఎవరి ఊరు వారికి గొప్ప. ఈ ఆరు ఊళ్ళనూ కలిపి అక్కడివారు 'పాటరీస్' అంటారు, అంటే కుండల ఊళ్ళని అర్థం.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. తెల్లటి పింగాణీ పాత్రకు కావలసిన తెల్లమట్టి ఈ ఊళ్ళలో దొరకదు. అది దేశానికి నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్, డెవన్ జిల్లాల నుంచి రావాలి. మట్టిలో కలిపే చెకుముకి రాయి సముద్ర తీరాల నుంచి రావాలి. మరి మట్టి ఉన్నచోటనే కార్ఖానాలు పెట్టక, అంత దూరం మోసుకొచ్చి ఇక్కడ ఎందుకు పెట్టారు?

జవాబు బొగ్గు. పాత్రను ఒకసారి పచ్చిమట్టి మీద, మరొకసారి మెరుగుపూత పూశాక కాల్చాలి. మట్టి బరువు ఎంతో, దానికి ఎన్నో రెట్ల బరువు బొగ్గు కావాలి. ఆ బొగ్గు స్టాఫర్డ్‌షైర్ ఊళ్ళ కిందనే పొరలు పొరలుగా ఉంది. బొగ్గును మట్టి దగ్గరికి మోయడం కంటే మట్టిని బొగ్గు దగ్గరికి మోయడం చవక. జోసయ్య వెడ్జ్‌వుడ్ అనే ప్రసిద్ధ కుమ్మరి ముందు నిలబడి ట్రెంట్-మెర్సీ కాలువ తవ్వించాడు. 1766లో మొదటి గడ్డపార వేస్తే 1777కు పని పూర్తయింది. అంతకు ముందు గుర్రాల వీపున, ఎగుడుదిగుడు బాటల మీద పోయే సరుకులో ఎంత పగిలేదో చెప్పనవసరం లేదు. కాలువ వచ్చాక మట్టి పడవలో వచ్చింది, జగ్గు పడవలో పోయింది. (ఈ వెడ్జ్‌వుడ్ మనుమడే పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్. కుండల లాభం శాస్త్రానికి కూడా పనికివచ్చింది.)

ఈ లెక్క మనకు కొత్తది కాదు. ఎన్టీపీసీ రామగుండానికి ఎందుకు వచ్చింది? 1978లో పునాదిరాయి పడి, 1983లో మొదటి యూనిట్ నడిచిన ఆ కేంద్రం, బొగ్గును దూరం పంపడం కంటే కరెంటును తీగమీద పంపడం తేలిక అన్న లెక్కతోనే వచ్చింది. గోదావరి అవతల మంచిర్యాలలో మట్టి గొట్టాలు కాల్చే సిరామిక్ పరిశ్రమలు వెలిసింది కూడా సింగరేణి బొగ్గు పక్కన ఉన్నదనే.

స్టాఫర్డ్‌షైర్ బట్టీలు పెద్ద సీసాల ఆకారంలో ఉండేవి. పైన సన్నటి మెడ, కింద ఉబ్బిన పొట్ట. జగ్గులు, పళ్ళేలను మొరటు మట్టి పెట్టెల్లో సర్ది, ఆ పెట్టెలను మనుషులు నెత్తిన పెట్టుకుని నిచ్చెనలెక్కి లోపల దొంతరలుగా పేర్చేవారు. తలుపు ఇటుకలతో మూసి, చుట్టూ ఉన్న పొయ్యి మూతుల్లో బొగ్గు వేసేవారు. ఒక్కసారి కాల్చడానికి పది టన్నులకు పైగా బొగ్గు పట్టేది. మంట చూసే మేస్త్రీ రెండు మూడు రోజులు కంటిమీద కునుకు లేకుండా అక్కడే ఉండాలి. వేడి కాస్త ఎక్కువైనా తక్కువైనా వేలకొద్దీ పాత్రలు చెడిపోయినట్టే. మన కుమ్మరి ఆవం దగ్గర కాపలా కూర్చోవడం చూసినవారికి ఆ ఆదుర్దా తెలుస్తుంది.

ఒకప్పుడు ఆ ఆరు ఊళ్ళలో ఇలాంటి సీసా బట్టీలు సుమారు 2 వేలు ఉండేవట. మధ్యాహ్నం కూడా వీధి అవతలి మనిషి కనిపించనంత పొగ. 1956లో బ్రిటన్ ప్రభుత్వం గాలి శుభ్రతకు చట్టం చేసింది. బట్టీలు గ్యాసుకు, కరెంటుకు మారాయి. పాత పద్ధతి ఎలా ఉండేదో లోకం మరవకూడదని 1978లో లాంగ్టన్‌లోని గ్లాడ్‌స్టోన్ మ్యూజియం వారు ముందుకు వచ్చి బొగ్గుతో చివరిసారిగా ఒక సీసా బట్టీని కాల్పించారు. అప్పటికి ఆ పని చేతికి తెలిసినవారు వృద్ధులైపోయారు. ఇప్పుడు 47 బట్టీలు మాత్రం పొగ లేకుండా నిలబడి ఉన్నాయి.

రాగి రేకు మీది నుంచి జగ్గు మీదికి

ఈ జగ్గుల మీది బొమ్మ చేత్తో వేసింది కాదు. కాగితం మీద అచ్చువేసి, ఆ కాగితాన్ని పాత్రకు అతికించి దింపిన బొమ్మ. పెళ్ళిలో చేతికి గోరింట అచ్చు కొట్టించుకున్నట్టు అనుకోండి.

ముందు ఒక రాగి రేకు మీద బొమ్మను సన్నటి గీతలతో, చుక్కలతో చెక్కుతారు. దాన్ని వేడిచేసి, నూనెలో కలిపిన రంగును గీతల్లోకి కూరి, పైపైన ఉన్నది తుడిచేస్తారు. సబ్బు నీటిలో తడిపిన పలుచటి కాగితం దానిమీద పరిచి, బరువైన రోలరు కింద నడిపితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. చిన్నపిల్ల ఒకతె కత్తెరతో ఆ కాగితాన్ని ముక్కలుగా కోస్తుంది. పొట్టకు ఒక ముక్క, మెడకు ఒకటి, పిడి దగ్గర సన్నటి పూలపట్టీ ఒకటి. అనుభవం గల స్త్రీ ఆ ముక్కలను ఒకసారి కాల్చిన జగ్గు మీద అతికి, గట్టి కుంచెతో రుద్దుతుంది. నీళ్ళలో ముంచితే కాగితం ఊడిపోతుంది, రంగు మిగులుతుంది. నూనె పోయేందుకు కొంచెం కాల్చి, మెరుగుపూతలో ముంచి, మళ్ళీ గట్టిగా కాల్చుతారు. బొమ్మ గాజు కింద ఉండిపోతుంది. వందేళ్ళు తోమినా చెరగదు.

గుండ్రటి జగ్గుకు చదునైన కాగితం అతకడం ఎంత కష్టమో, పిల్లల నోటు పుస్తకాలకు అట్టలు వేసే తల్లులకు తెలుసు. అందుకే మంచి జగ్గులో కూడా పిడి వెనుక ఎక్కడో పూలపట్టీ కలవకుండా సగం పువ్వు దగ్గర తెగిపోయి ఉంటుంది. సేకరణదారులు దానిని లోపమనుకోరు. అక్కడ ఒక ఆడమనిషి చేయి ఆగి, ముక్క సరిచూసుకుని, సరే కానిమ్మని అతికిన గుర్తు అది.

ఈ విద్య పుట్టింది 18వ శతాబ్దం నడుమ. లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు 1756లో తాము 6 గంటల్లో 1200కు పైగా పింగాణీ పలకల మీద బొమ్మలు అచ్చువేశామని ప్రమాణపత్రం రాసి ఇచ్చారు. చేత్తో గీసే చిత్రకారులకు ఆ అంకె గుండె ఝల్లుమనిపించి ఉంటుంది. స్టోక్‌లో జోసయ్య స్పోడ్ 1784 ప్రాంతంలో మెరుగుపూత కింద నీలిరంగు అచ్చును పక్కాగా కుదిర్చాడు. మొదట అన్నీ నీలమే ఎందుకు అంటే, ఆ కాలంలో అంతటి వేడిని తట్టుకుని చెదరకుండా నిలిచిన రంగు కోబాల్టు నీలం. 1820ల చివరకు వచ్చేసరికి ఆకుపచ్చ, గులాబి, గోధుమ రంగులు కూడా కుదిరాయి.

అందరికీ తెలిసిన 'విల్లో' బొమ్మ, అంటే వంగిన చెట్టు, చిన్న వంతెన మీద ముగ్గురు మనుషులు, ఆకాశంలో రెండు పక్షులు ఉన్న బొమ్మ 1790 ప్రాంతంలో వచ్చింది. దొరసానులు దానికి ఒక చీనా ప్రేమకథ చెప్పేవారు. ఆ కథ చీనాలో ఎవరికీ తెలియదు. సరుకు అమ్ముకోవడానికి ఇంగ్లండులోనే పుట్టిన కథ అది. మన సినిమా వాళ్ళు వింటే మెచ్చుకుంటారు.

అందం వెనుక ధూళి

కత్తెర పట్టిన పిల్ల అన్నాము. ఆ పిల్లలకు ఎన్నేళ్ళుంటాయో చూడమని బ్రిటన్ ప్రభుత్వం 1840లో ఒక కమిషన్ వేసింది. అదే కమిషన్ 1842లో మొదట గనులలో పిల్లల గురించి నివేదిక ఇచ్చింది. పదేళ్ళలోపు బాలురు, అన్ని వయసుల ఆడవాళ్ళు భూగర్భంలో పని చేయరాదన్న చట్టం ఆ సంవత్సరమే వచ్చింది. మరుసటి ఏడు కుండల ఊళ్ళ పిల్లల సంగతి బయటపెట్టింది. ఒకే ఊళ్ళో అన్న బాయిలోకి, చెల్లె బొమ్మల అచ్చుగదిలోకి పోయే రోజులు అవి.

జగ్గును తెల్లగా చేసేది కాల్చి దంచిన చెకుముకి రాయి పొడి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. అది మనుషులను చంపుతున్నదని 1726లోనే తెలుసు. ఆ ఏడు థామస్ బెన్సన్ అనే ఆయన రాతిని నీళ్ళలో నూరే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అయినా ఆరిన మట్టి ధూళి కార్మికులను వదలలేదు. దాన్ని అక్కడ 'కుమ్మరి క్షయ' అనేవారు. పేరు వేరైనా, డ్రిల్లు పట్టినవారికి, రాయి కోతలో పనిచేసినవారికి, వారి దగ్గు విన్న ఇంటివారికి ఈ జబ్బును పరిచయం చేయనక్కర లేదు. ఇక మెరుగుపూతలో సీసం కలిసేది. జగ్గును పూతలో ముంచి తీసేవారి చేతుల నుంచి సీసం ఒంట్లోకి ఎక్కి మణికట్లు వాలిపోయేవి.

బొమ్మల అందం చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ ధూళి సంగతి కూడా చెప్పకపోతే జగ్గు కథ సగమే చెప్పినట్టు.

జగ్గు పొట్ట మీద వార్త

పళ్ళెం మీద అన్నం వడ్డిస్తే బొమ్మ కనిపించదు. జగ్గు అలా కాదు. బల్ల నడుమ నిలబడుతుంది, చేతులు మారుతుంది. రెండు పక్కలా రెండు బొమ్మలకు చోటుంది, మూతి కింద యజమాని పేరు, తేదీ రాయించుకునే చోటుంది. పెళ్ళికి, పంట ఇంటికి వచ్చిన పండుగకు, ఓడమీద పోయే కొడుక్కి జగ్గు కానుక ఇచ్చేవారు. నాగలి, కొడవలి, వరిమోపు లాంటి గోధుమ మోపు బొమ్మలతో 'రైతు చిహ్నం' జగ్గులు లెక్కలేనన్ని వచ్చాయి.

ఆ కాలంలో బ్రిటన్‌లో వార్తాపత్రిక మీద పన్ను ఉండేది. 1815లో ఆ పన్నును ప్రతికి 4 పెన్నీలకు పెంచారు. 1855 దాకా అది పూర్తిగా తొలగలేదు. కూలివానికి పత్రిక కొనే తాహతు లేదు, చదవడం చాలామందికి రాదు. కాబట్టి దేశంలో సంచలనం జరిగితే కుండల కార్ఖానా నెలల్లో దాన్ని జగ్గు మీదికి ఎక్కించేది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ మరణం, 1819లో మాంచెస్టరులో ఓటుహక్కు అడగడానికి చేరిన జనం మీద గుర్రపు దళం దూకిన పీటర్‌లూ ఘటన, 1820లో రాజు విడాకులకు పూనుకుంటే ప్రజలంతా కరోలిన్ రాణి పక్షాన నిలవడం, 1832లో ఓటుహక్కు సంస్కరణ, ఇవన్నీ జగ్గుల మీద ఉన్నాయి. వాటిని వరుసగా అరలో పెడితే గోడపత్రికలు అంటించినట్టు ఉంటుంది.

బానిసత్వానికి వ్యతిరేకంగా కూడా మట్టిపాత్రలు మాట్లాడాయి. సంకెళ్ళతో మోకరిల్లిన నల్లజాతి మనిషి బొమ్మను వెడ్జ్‌వుడ్ 1787లో చిన్న పతకంగా చేసి పంచాడు. తరువాత అది జగ్గులకు ఎక్కింది. చక్కెర గిన్నెల మీద ఇంకో మాట కనిపిస్తుంది. ఇది వెస్టిండీస్ చక్కెర కాదు, బానిసలు చేయని ఈస్టిండియా చక్కెర అని. ఈస్టిండియా అంటే మన దేశమే. ఇక్కడి రైతుకు అప్పట్లో ఎంత గిట్టిందన్న మాట మాత్రం ఆ గిన్నె మీద రాసి ఉండదు.

బొగ్గుతో మరీ దగ్గరి చుట్టరికం ఉన్నవి సండర్లాండ్ జగ్గులు. ఈశాన్య తీరంలో వేర్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు బొగ్గు ఎగుమతి చేసే రేవు. బొగ్గు తీసుకుపోయిన ఓడలు ఖాళీగా తిరిగి వస్తే గాలికి నిలవవు కనుక అడుగున బరువు కోసం దక్షిణాది తెల్లమట్టి, చెకుముకి రాయి వేసుకుని వచ్చేవి. ముడిసరుకు ఇంటికే వచ్చింది, బొగ్గు ఇంట్లోనే ఉంది, ఇంకేం కావాలి? 1796లో వేర్ నది మీద 236 అడుగుల ఇనుప కమాను వంతెన కట్టారు. అది అప్పటి లోకానికి వింత. ఆ తరువాత దశాబ్దాల పాటు ఆ వంతెన బొమ్మ లేని సండర్లాండ్ ఇల్లు అరుదు. బొమ్మ చుట్టూ గులాబి రంగు మబ్బు చిలికినట్టు మెరుపుపూత ఉంటుంది. ఆ గులాబి రంగు వచ్చేది రవ్వంత బంగారం నుంచి అంటే నమ్మబుద్ధి కాదు. అదే ఊళ్ళో తాగే లోటాల అడుగున మట్టి కప్పను అతికించే కొంటె అలవాటు కూడా ఉంది. బీరు తాగుతూ పోతే కప్ప తల బయటపడుతుంది. కల్లు దుకాణంలో ఇలాంటిది ఒకటి పెడితే ఏమవుతుందో పాఠకులే ఊహించుకోవాలి.

మన దేశం కూడా ఆ పాత్రలకు ఎక్కింది. కెప్టెన్ థామస్ విలియమ్సన్ అనే ఆయన భారతదేశపు వేట మీద వేసిన పుస్తకంలోని శామ్యూల్ హోవిట్ చిత్రాలను స్పోడ్ కార్ఖానా 1815 ప్రాంతంలో భోజనపు సెట్లకు దింపింది. చెరకు తోటలోంచి ఎలుగును తరమడం, చెట్టెక్కిన చిరుతను కాల్చడం, వేట కుక్కలను నడిపించే మన సేవకులు, అన్నీ నీలిరంగులో. ఇంగ్లండులోని దొర తన పళ్ళెంలో మాంసం ముక్క పక్కకు జరిపితే కింద మన అడవి కనిపించేది.

అవి మన వైపు ఎలా వచ్చాయి

1871లో భూగర్భ శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు సంపాదించింది. ఆ కంపెనీ వాటాల వ్యవహారంలో గోల్‌మాల్ జరిగిందని 1888లో లండన్ పార్లమెంటు ఒక కమిటీనే వేసింది. 1889లో బొగ్గు అమ్మకానికి తీయడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అధిక వాటాలు నిజాం ప్రభుత్వం కొన్నది.

కంపెనీతో పాటు దొరలు, వారి కుటుంబాలు, వారి పెట్టెలు వచ్చాయి. కుళాయిలు లేని ఆ రోజుల్లో ఇంగ్లీషు ఇళ్ళలో పడకగదిలో ముఖం కడుక్కునేందుకు పెద్ద పింగాణీ జగ్గు, దానికి జత బేసిను తప్పక ఉండేవి. భోజనాల గదిలో పాల జగ్గులు వేరు.

గోదావరిఖనిలో దొరల కాలపు బంగళాలు వెతికితే లాభం లేదు. ఇక్కడి బాయిలు స్వాతంత్ర్యం వచ్చాక, 1960 ప్రాంతంలో తెరుచుకున్నవి. కానీ ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి నుంచి బదిలీ మీద సామాన్లు లారీకెత్తుకుని వచ్చిన కుటుంబాలు ఎన్ని లేవు! తాతగారు బంగళాలో పనిచేసినప్పుడు ఇచ్చారనో, దొరసాని వెళ్ళిపోతూ వేలం వేస్తే తెచ్చారనో చెప్పే వస్తువు ఎవరింట్లోనైనా ఉంటే ఉండవచ్చు.

మన రాష్ట్రంలో ఇంగ్లీషు పింగాణీని కళ్ళారా చూడవలసిన చోటు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పుట్టింది కూడా సింగరేణి బొగ్గు అమ్మకం మొదలైన 1889లోనే కావడం ఒక విశేషం. 1912లో నిజాంకు దివానై, 1914లో ఆ పదవి వదిలాడు. అక్కడి నుంచి 1949 మార్చి 2న కన్నుమూసే దాకా ఆయనకు సేకరణే పని, అదే సంసారం. పెళ్ళి చేసుకోలేదు. 1951 డిసెంబర్ 16న ఆయన దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. వెడ్జ్‌వుడ్, వూస్టర్, డెర్బీ, చెల్సీ వంటి ఇంగ్లీషు కార్ఖానాల పనితనం, వాటి పక్కనే ఫ్రెంచి, జర్మన్ పింగాణీ అక్కడ చూడవచ్చు. అయితే నవాబు గారి చేయి సహజంగా దివాణాల వస్తువుల వైపే చాచింది. అచ్చు బొమ్మల జగ్గు పుట్టింది మాత్రం దివాణాల కోసం కాదు. చేతి చిత్రం కొనలేని ఇంటికి బొమ్మ అందించడానికే అది పుట్టింది.

అడుగు తిరగేసి చూడాలి

జగ్గును గుర్తుపట్టే విద్య పెద్ద బ్రహ్మవిద్య కాదు. ముందు తిరగేయాలి. అడుగున 'ఇంగ్లండ్' అని ఉంటే అది సాధారణంగా 1891 తరువాతిది. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా ఆ ఏడు పట్టుబట్టింది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉంటే ఇరవయ్యో శతాబ్దపుది. డైమండు ఆకారపు ముద్ర ఉంటే 1842 - 1883 నడుమ ఆ నమూనాను రిజిస్టరు చేశారన్నమాట. 1884 నుంచి డైమండు పోయి 'ఆర్‌డి' అక్షరాల పక్కన వరుస నంబరు వచ్చింది. ఏ ముద్రా లేకపోయినా పారేయనక్కర లేదు. పాతవాటిలో చాలావాటికి ముద్రే ఉండదు.

తరువాత భూతద్దంతో బొమ్మ చూడాలి. గీతలు, చేత్తో పొడిచిన చుక్కలు కనిపిస్తే రాగి రేకు అచ్చు. పత్రికలో ఫోటోలాగా ఒకే వరుస చుక్కలుంటే ఈ మధ్యది. బాయిలో తలకు పెట్టుకునే దీపం ఉంటే జగ్గు లోపల వేసి చూడవచ్చు. వెలుగు బయటికి కనిపిస్తే అసలు పింగాణీ, కనిపించకపోతే తెల్లమట్టి పాత్ర. అచ్చు జగ్గుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. సింహం, గుర్రం, కిరీటం ముద్ర వేసి 'విక్టోరియా' అని రాసిన కొత్త నకళ్ళు లోకమంతా తిరుగుతున్నాయి. ముద్ర ఎంత పెద్దగా, స్పష్టంగా ఉంటే అంత అనుమానించాలి.

ఒక హెచ్చరిక. పాత మెరుగుపూతలో సీసం ఉంటుంది కనుక ఇందులో చింతపండు పులుసు, నిమ్మరసం, తొక్కు, మజ్జిగ పెట్టరాదు. పులుపు సీసాన్ని కరిగిస్తుంది. చూసుకోవడానికే, తాగడానికి కాదు.

కొనే సరదా ఉన్నవారు హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో గురువారం ఉదయం ఓపికగా తిరగాలి. చారిత్రక ప్రాధాన్యం ఉండి నూరేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. అటువంటిదాన్ని అమెరికాలోని అబ్బాయికి పంపాలనుకుంటే కుదరదు. చెవి విరిగినా, బీటలు వారినా ధర తగ్గుతుంది గానీ బొమ్మ కథ తగ్గదు. అతికించాలని ఫెవిక్విక్ మాత్రం పట్టుకోవద్దు.

పళ్ళెం మీద సమ్మె

స్టాఫర్డ్‌షైర్ ఉత్తరాన చాటర్లీ విట్‌ఫీల్డ్ అనే గని ఉంది. ఏడాదికి 10 లక్షల టన్నులు తీసిన మొదటి బ్రిటిష్ గని అది, 1937లో. 1977లో మూతబడింది. రెండేళ్ళకు దాన్ని మ్యూజియం చేశారు. జనం గనిలోకి దిగి చూసేవారు. 1993లో ఆ మ్యూజియం కూడా మూతబడింది. ఉత్తర స్టాఫర్డ్‌షైర్‌లో చివరి లోతు గని సిల్వర్‌డేల్ 1998లో, మొత్తం బ్రిటన్‌లోనే చివరిదైన కెల్లింగ్లీ 2015 డిసెంబర్‌లో ఆగిపోయాయి. స్పోడ్ కంపెనీ 2008లో దివాలా తీసి, ఆ తరువాతి ఏడు మరో కంపెనీ చేతికి పోయింది. బొగ్గూ పోయింది, పాత స్టోక్ కార్ఖానా కూడా పోయింది.

అయితే అక్కడి గని కార్మికులు 1984 - 85లో ఏడాది పాటు చేసిన సమ్మె జ్ఞాపకాన్ని తామే కాల్పించుకున్నారు. యూనియన్ల వారు, ఒక్కొక్క గని శాఖ వారు తమ గని పేరు, గేరు చక్రం బొమ్మ, సమ్మె తేదీలు అచ్చువేయించి పింగాణీ పళ్ళేలు, లోటాలు చేయించారు. అప్పట్లో అవి సమ్మె నిధికి, కుటుంబాల సాయానికి అమ్ముడుపోయాయి. ఇప్పుడు సేకరణదారులు వాటికోసం వెతుకుతున్నారు. పీటర్‌లూ జగ్గుకు అది ముని మనుమరాలు.

మన దగ్గర యంత్రాలు వచ్చాక తట్టా చెమ్మస్ మూలపడ్డాయి. కోల్‌ఫిల్లర్ అన్న మాట పిల్లలకు విడమరచి చెప్పవలసి వస్తున్నది. ఇత్తడి బిళ్ళ, పాత సేఫ్టీ లాంతరు, యూనియన్ సభల బ్యాడ్జీలు, మొదటి జీతంతో కొన్న టిఫిన్ డబ్బా ఇంకా కొన్ని క్వార్టర్లలో ఉన్నాయి. వాటిని పాత సామాన్లవాడు కిలో లెక్కన తూచుకుపోతే, తరువాత ఎంత పెట్టినా దొరకవు.

సాలార్‌జంగ్ మ్యూజియం చూడదలచినవారు కాగజ్‌నగర్ వైపు నుంచి ఉదయం సికిందరాబాదు వెళ్ళే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కవచ్చు. ఇంగ్లీషు పింగాణీ గదికి కనీసం గంట సమయం ఉంచుకోవాలి, లేకపోతే సంగీత గడియారం దగ్గరే పొద్దుపోతుంది. శుక్రవారం సెలవు.